సుభాషిణి ఫోను

తడ,
ఫిబ్రవరి 9

రోజా వదినా,

ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాసేవాళ్ళుంటారా అని నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వుకో. మనింట్లో ఫోనంటే లౌడ్‌స్పీకరే గదా. నేను హలో అనేసరికి అమ్మ, అన్న, పక్కింటి ఆదిశేషమ్మత్త అందరూ చుట్టూ చేరతారు. నీతో ఒక్క మాట ఒంటరిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఇక్కడ హాస్టల్లోనూ అంతే, నేను ఫోనెత్తితే గదిలో అమ్మాయిలంతా చెవులు ఇటే పెడతారు. అందుకే కాయితం తీశాను. మా క్యాంటీన్లో పనిచేసే ధనలక్ష్మి మన పాలెం పిల్లే గాబట్టి ఇంటికొచ్చినప్పుడల్లా ఉత్తరం తెచ్చి నీ చేతికే ఇస్తుంది. నువ్వూ ఆమెకే ఇచ్చి పంపు.

దీంతో పాటు ఉన్న పెట్టె పెంచలన్నకి. మా ఫ్యాక్టరీలో తయారైన కొత్త ఫోను. అన్న పాత ఫోను సముద్రంలో పడిపోయిందని తెలిసినప్పటి నుంచి అనుకుంటానే ఉన్నా.

అక్కడ ఏం పని చేస్తావే అని అమ్మ అడిగితే ఫోన్లు చూస్తా అని చెప్పి ఊరుకున్నా. నీకు సరిగ్గా చెప్తా విను. నాది వేడి చూసే పని. బల్ల మీద ఫోన్లు వరసగా పెట్టి, వాటిల్లో వీడియోలూ ఆటలూ ఆపకుండా నడుపుతాం. కాసేపటికి వీపు మీద ఎంత కాలిందో కొలిచి, హద్దు దాటిన దాన్ని పక్కకి తీసేస్తాను. ఏడాదికేడాది ఈ పని కష్టమవుతా ఉంది వదినా. లోపలుండే చిప్పు, అంటే ఫోనుకి బుర్ర లాంటిది, పోయినసారి కంటే వేగంగా ఉండాలి. తెర మీద బొమ్మ పోయినసారి కంటే నున్నగా ఉండాలి. ఆ నునుపులో సగం మనిషి కంటికి తెలీదంట. మా ఇంజినీరు మధుబాబు గారే చెప్పారు. అయినా జనం అడుగుతున్నారు, పక్క కంపెనీ ఇస్తా ఉంది, మనమూ ఇవ్వాలంట. చిప్పు పరిగెత్తాలి, తెర వెలగాలి, ఒళ్ళు మాత్రం పలచగా ఉండాలి. ఇంక ఆ వేడి ఎక్కడికి పోతుంది? పట్టుకున్న చేతికే తగుల్తుంది.

అన్నకి పంపిన ఫోను నా బల్ల మీదే పెట్టి చూశాలే. బాగుంది. సముద్రం మ్యాపు కూడా ఎక్కించాను, పడవ ఎక్కడుందో చుక్కలా కనపడుతుంది. మీ నాయనకి చూపించు. అన్నని చిన్నప్పుడే పడవెక్కించి వేట నేర్పింది గంగులయ్య మామే. ఈ రోజుకీ పడవ ఎటు తిప్పాలో మామ నోటి నుంచి రావాల్సిందే గదా. ఆ చుక్కని చూసి ఆయన ఏమంటాడో నాకు రాయి.

నీ
సుభాషిణి

*

పట్టపుపాలెం,
ఫిబ్రవరి 24

మా ఇంటి ఆడబిడ్డ, ఫోన్ల డాక్టరమ్మ సుభాషిణి గారికి వదిన రోజారమణి దండాలు పెట్టి రాసేది,

ఏం మే, ఉత్తరం అందింది. స్కూలు మానేసినాక ఇంత పొడుగు చదవడం ఇదే. రాయడం ఇంకా కష్టంగా ఉండాది, తప్పులుంటే సర్దుకో.

పెట్టె తెరిచిన కాడ్నించి మీ అన్నకి కాళ్ళు నేల మీద ఆనడంలా. ఒడ్డున ఎవరు కనపడితే వాళ్ళకి చూపించడమే. మా చెల్లెలు ఒక్కో ఫోనూ చేత్తో పట్టుకోని, ఇది మంచిది, ఇది కాదు అని చెప్తేనే కంపెనీవాళ్ళు బయటికి పంపిస్తారంట, అట్ట చెప్తా ఉండాడు. నేను పక్కనే నిలబడి నవ్వు ఆపుకోలేక చస్తన్నా. పాలెంలో ఇప్పుడు దాని పేరు సుభాషిణి ఫోను. పక్క పడవ చిన్నపోలయ్య వాకాడు పొయ్యి, కొట్లో సుభాషిణి ఫోను ఇమ్మని అడిగినాడంట. కొట్టతను బిత్తరపోయినాడంట. చివరికి మీ అన్న ఫోనుకి ఫొటో తీసి పంపిస్తే, అదే రకం కొనుక్కొచ్చుకున్నాడు. ఇంకో రెండు పడవలోళ్ళు కూడా కొనుక్కున్నారు.

సముద్రం మీదికి పొయ్యేటప్పుడు నీళ్ళు పడకుండా దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి రబ్బరు చుట్టి, ఇంజను పక్కన కడతాడు. ఎండలో బాగా కనపడాలని తెర వెలుగు అంతా పెంచేస్తాడు. ఆ చుక్క చూసుకుంటా ముందెప్పుడూ పోనంత దూరం పొయ్యి వస్తా ఉండారు. చేపలు పడతా ఉండాయి. అబద్ధమెందుకు, వంజరం బాగా పడింది.

అత్త బాగుండాది. మోకాళ్ళు నొప్పులంటాది గానీ తిరగడం మానదు. మా నాయన బాగుండాడు. ఒడ్డున కూచోని వలలు బాగుచేస్తా ఉండాడు. నువ్వు వేళకి తిను, ఎముకలు కనపడేటట్టు వస్తే ఇంట్లోకి రానీను.

మీ వదిన
రోజా

*

తడ,
మార్చి 16

రోజా వదినా,

సుభాషిణి ఫోను అని చదివి గదిలో గట్టిగా నవ్వేశాను. అమ్మాయిలంతా ఏంది ఏంది అని మీద పడ్డారు. రాత్రి పడుకున్నాక మాత్రం భయమేసింది. నేను అన్నీ చూడను వదినా. నాలాంటి వాళ్ళం చాలామందిమి ఉన్నాం. నా బల్ల మీద పడేవి కొన్నే. కొట్లో దొరికేది నా చేతి కిందకి వచ్చిందో లేదో దేవుడికెరుక. ఈ మాట అన్నతో అనొద్దు, చిన్నబోతాడు.

ఎండలు ముదురుతున్నాయి. మా దగ్గర బీరువా అంత వేడి పెట్టె ఒకటుంది. లోపల రోహిణి కార్తె ఎండంత వేడి పుట్టించి ఫోన్లు పెట్టి చూస్తారు. ముందు చాలా ఫోన్లు దాంట్లోకి పొయ్యేవి. ఇప్పుడు ఆర్డర్లు ఎక్కువయ్యాయి, ఎప్పుడో ఒకటి పెడుతున్నాం. మిగతావన్నీ ఏసీ హాల్లోనే చూసి పంపిస్తున్నాం. ఆ హాల్లో మేం స్వెటర్లు వేసుకోని పనిచేస్తాం తెలుసా. కొనుక్కున్నవాళ్ళు వాడేది ఎక్కువగా ఇళ్ళల్లో, ఆఫీసుల్లో గదా, ఇది చాలు అంటున్నారు. నిజమే కావచ్చు. అన్నకి మాత్రం చెప్పు, ఎండలో ఎక్కువసేపు వాడొద్దను, ఫోనుని చల్లగా పెట్టుకోమను.

ఒక సంగతి అడగతా, దాచకుండా చెప్పు. మామ ఒడ్డున కూచోని వలలు బాగుచేస్తున్నాడని రాశావు. వేట రోజుల్లో మామ ఒడ్డునెందుకున్నాడు? ఒంట్లో బాగాలేదా? జ్వరమొచ్చినా పడవెక్కే మనిషి. ఫోను చూసి ఏమన్నాడో కూడా నువ్వు రాయలేదు.

నీ
సుభాషిణి

*

పట్టపుపాలెం,
ఏప్రిల్ 19

సుభాషిణికి,

జవాబు ఆలస్యమైంది. ధనలక్ష్మి వచ్చింది, ఊరికే పంపించేసినా. కోపంలో రాస్తే ఏమేం రాస్తానో అని రాయలా.

ఇప్పుడు వేట నిషేధం మొదలైంది, పడవలన్నీ ఒడ్డెక్కినాయి. జూను సగం దాకా ఎవరూ సముద్రం మీదికి పోరు గాబట్టి నా గుండె కొంచెం నెమ్మదించింది. ఇంక చెప్తా విను.

మా నాయనకి ఒంట్లో బాగానే ఉండాది. మీ అన్నే ఆయన్ని పడవ మీద నించి దింపేసినాడు. నువ్వు పంపిన ఫోను వచ్చిన వారంలోనే. మామ చూసి, ఆలోచించి చెప్పేలోపు ఫోను చెప్పేస్తా ఉంది, ఒక మనిషి బరువు తగ్గితే అంత ఐసు ఎక్కువ తీసుకపోవచ్చు అన్నాడు. నాయన సరేలేరా అని వలసూది పట్టుకోని ఒడ్డున కూచున్నాడు. కన్న నాయన ఒకవైపు, మొగుడు ఒకవైపు, నేనేం చెప్పను? నువ్వు ప్రేమగా పంపిన వస్తువు. దాని వల్ల మా నాయన ఒడ్డునపడినాడని నీకెట్ట రాసేది? ఫోను చూసి ఏమన్నాడని అడిగినావు. ఏమీ అన్లా. చేతిలో పట్టుకోని కాసేపు తిప్పి, ఇచ్చేసినాడు.

నిషేధానికి ముందు ఆఖరి వేటలు గదా అని మీ అన్నా చిన్నపోలయ్యా ఒక పడవలో బాగా లోపలికి పొయ్యినారు. ఎండ నడినెత్తికొచ్చినాక మీ అన్న ఫోను కాలిపోతా ఉందంట. తెర మసకబారి, ఇంక ఆగిపొయ్యింది. చిన్నపోలయ్యది తీస్తే అదీ అంతే. అప్పుడు మీ అన్నకి నీ మాట గుర్తొచ్చింది. సుభా చల్లగా పెట్టుకోమనింది గదా అని, తీసుకపొయ్యి ఐసు పెట్టెలో, చేపల మధ్యలో కప్పెట్టినాడు. నవ్వొస్తా ఉందా? నాకూ ముందు నవ్వే వచ్చింది. కాసేపటికి తీస్తే బతికిందంట. ఆ సంబరంలో చిన్నపోలయ్యది కూడా ఐసులో పెట్టినారు. ఇంకాసేపటికి అద్దం లోపల చెమట పట్టినట్టు నీళ్ళు చేరి రెండూ నల్లగా అయిపొయ్యినాయి. ఇంక లేవలా.

పడమటకి తిప్పుకోని వచ్చినారు. ఒడ్డు కనపడింది. అది ఏ ఒడ్డో తెలీలా. ఈ పొడుగునా సరుగుడు తోపులే గదా, అన్నీ ఒకటే మాదిరి. ఫోనుందిలే అని పొయ్యేటప్పుడు గుర్తులు చూసుకోలేదు. మన పాలెం ఉత్తరాన ఉంటే వీళ్ళు దక్షిణానికి తిప్పినారు. రాకెట్ల దీవి కాడికి పొయ్యేసరికి డీజిలు అయిపొయ్యింది. తెల్లారి ఎవరో పరాయి ఊరి పడవోళ్ళు చూసి, తాడు కట్టి లాక్కొచ్చినారు. ఆ రాత్రి సంగతి నేను రాయలేను. అత్తనడుగు.

ఇంత జరిగినాక మీ అన్న ఏమన్నాడో తెలుసా? తప్పు ఫోనుది కాదంట. ఐసులో పెట్టడం తనదే తప్పంట. మా చెల్లెలు చూసిన ఫోనుకి వంకేముంటాది అన్నాడు. మళ్ళా అదే రకం కొన్నాడు. చిన్నపోలయ్యా కొన్నాడు. నిషేధం ఎత్తేసేలోపు ఇంకా కొందరు కొంటారంట, ఇంకా దూరం పోతారంట.

నేను చెప్తే మీ నాయన పక్షాన మాట్లాడతా ఉండావు అంటాడు. అత్త చెప్తే నీకేం తెలుసు అంటాడు. ఈ భూమ్మీద ఆయన ఎవరి మాటన్నా వింటే అది నీ మాటే. నీ మీద నాకు కోపం లేదని చెప్పను. కొంచెం ఉండాది. ఆయన చెల్లెలివి నువ్వే గాబట్టి నువ్వే చెప్పాల.

రోజా

*

తడ,
జూన్ 3

వదినా,

కోపం ఉందని రాశావు చూడు, అందుకు నీకు దండం పెట్టాలి. దాచుకోని తియ్యగా రాసుంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని. మామని తలుచుకుంటే ఏడుపొస్తా ఉంది.

నీ ఉత్తరం చదివినాక మధుబాబు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆయన మంచివాడే, కూచోబెట్టి విన్నాడు. ఆయన ఒప్పుకుంటేనే ఒక ఫోనుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి రబ్బరు చుట్టి, వెలుగంతా పెంచి, మ్యాపు నడుపుతా వేడి పెట్టెలో పెట్టాను. అన్న ఎట్ట పెడతాడో అట్టనే. గాజు కిటికీలోంచి చూస్తా నిలబడ్డా. ఆగిపోకూడదని మొక్కుకున్నా. ఆగిపోయింది. ఇంకోటి పెట్టా, అదీ ఆగిపోయింది.

మధుబాబు గారు చెప్పిందేమంటే, ఇది లోపం కాదంట. వేడి హద్దు దాటితే లోపలుండేవి కాలిపోకుండా ఫోను తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుందంట, అట్టనే తయారు చేశారంట. పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో కూడా రాసుందంట. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. ఫోను తనను తాను కాపాడుకుంటే మా అన్నని ఎవరు కాపాడాలి సార్ అని అడగాలనిపించింది. అడగలేకపోయా. చూసింది మాత్రం రిపోర్టులో రాశా. మాకు చెప్పిన పరీక్ష ఒకటి, నువ్వు చేసింది ఇంకొకటి అని మా లైన్ లీడరుకి నచ్చలేదు. సోమవారం నుంచి నన్ను డబ్బాలకి స్టిక్కర్లు అంటించే చోట వేశారు. శిక్ష కాదు, అక్కడ మనుషులు తక్కువయ్యారు అంటున్నారు. అమ్మకి చెప్పొద్దు.

అన్నకి విడిగా ఒక కాయితం రాసి దీంట్లోనే పెట్టా. నువ్వు ముందు చదువు. ఇవ్వొచ్చు అనిపిస్తే, పడవలు సముద్రంలోకి దిగేలోపు ఇవ్వు.

సుభా

*

అన్నా,

నువ్వు అందరికీ గొప్పగా చెప్పుకునే మాట నిజం కాదు. అన్ని ఫోన్లూ నేను చూడను. చూసినవి కూడా ఏసీ గదిలో చూశా, సముద్రం మీద కాదు. నువ్వు సంచిలో పెట్టినట్టే పెట్టి, నీ ఎండంత ఎండ పెట్టి ఇప్పుడు చూశా. నా కళ్ళ ముందే ఆగిపోయింది. నువ్వు ఐసులో పెట్టకపోయినా దాన్ని నమ్ముకోడానికి లేదు. మాట్లాడుకో, వాన కబురు చూసుకో, పాటలు విను. దారికి మాత్రం దాన్ని నమ్మొద్దు. నా పేరు చూసి పడవెక్కొద్దు, ఎవరినీ ఎక్కనీయొద్దు. నువ్వు తిరిగి రాకపోతే నేను ఆ పేరు పెట్టుకోని బతకలేను.

నీ చెల్లెలు
సుభాషిణి

*

పట్టపుపాలెం,
జూన్ 29

సుభా,

నువ్వు రాసిన కాయితం నేను చదివి, మళ్ళా చదివి, బియ్యం డబ్బాలో దాచిపెట్టినా. ఇవ్వాలా వద్దా అని వారం రోజులు కొట్టుకులాడినా. పడవలు దిగే ముందు రోజు, ఇంక లాభం లేదని తీసుకపొయ్యి ఒడ్డునే ఇచ్చేసినా. అక్కడ పాలెమంతా ఉండాది, పడవలకి పసుపూ కుంకుమా పెడతా ఉండారు. ఇంటికొచ్చి చదువుకో అని చెప్పినా. వింటాడా? మా చెల్లెలు ఉత్తరం రాసింది అని అందరినీ పిలిచి గట్టిగా చదవడం మొదలుపెట్టినాడు. మొదటి మాటకే ఆగి చుట్టూ చూసినాడు. నేను ఇంక మడిచి జేబులో పెట్టుకుంటాడులే అనుకున్నా. పెట్టుకోలా. చివరిదాకా చదివినాడు, నీ పేరుతో సహా. ఇన్నేళ్ళ కాపురంలో మీ అన్నని నేను అంత మెచ్చుకున్నది లేదు.

ఎవరో నవ్వినారు, ఎవరో తిట్టినారు. చిన్నపోలయ్య మాత్రం, అమ్మేవాడెవడూ ఇట్ట చెప్పడు, ఈ పిల్ల చెప్పింది అన్నాడు. ఆ మాట పట్టుకోని మిగతావాళ్ళు కూడా దగ్గరి వేటకే పోదామనుకున్నారు. స్టిక్కర్లు అంటిస్తన్నావని బాధపడబాక. ఈడ నీ మాటకి విలువ తగ్గలా.

ఇంటికొచ్చి అన్నం ముట్టలా మీ అన్న. సాయంత్రం లేచి మా నాయన ఇంటికి పొయ్యినాడు. ఏం గొడవైతాదో అని నేనూ వెనకాలే పొయ్యినా. నాయన గుమ్మంలో కూచోనుండాడు. తప్పైపొయ్యింది, రేపు పడవెక్కు మామా అని అడిగినాడు మీ అన్న. నాయన తలకాయ అడ్డంగా ఊపినాడు. పంతం పట్టినాడు అనుకున్నా నేను. పంతం కాదు.

"నాకు చూపు లేదు పెంచలా," అన్నాడు. "చాన్నాళ్ళ నించీ లేదు. ఒడ్డు మీద ట్యాంకేదో, తోపేదో నాకు తెలీదు. నువ్వు దింపేసినప్పుడు, ఎవరికీ తెలీకుండా దిగిపొయ్యినాలే అనుకున్నా."

సుభా, కన్న కూతుర్ని నేను, నాకే తెలీదు. రోజూ అన్నం పెడతన్నా, తెలీదు. అక్కడే నిలబడి ఏడ్చినా.

మీ అన్న వంగి నాయన కళ్ళల్లోకి చూసినాడు. తర్వాత అడిగినాడు, చూపు లేకుండా పడవని ఎట్ట ఇంటికి తెచ్చేవాడివి మామా అని.

"నిన్ను అడిగి," అన్నాడు నాయన. "నీళ్ళ ట్యాంకు ఎటుందిరా, టవరు దాని ముందరికొచ్చిందా, తాటిచెట్లు ఎన్ని కనపడతా ఉండాయి అని అడిగేవాణ్ణి గదా. నువ్వు చూసి చెప్పేవాడివి. నువ్వు చెప్పిందే నీకు తిప్పి చెప్పినా. దారి నీకు తెలుసురా. దారి తప్పిన ఆ పొద్దు అడిగేవాళ్ళు లేరు, నువ్వు చూళ్ళేదు."

అట్ట అడిగి మామ తనకి పరీక్ష పెడతా ఉండాడు, సతాయిస్తా ఉండాడు అనుకునేవాడంట మీ అన్న. అది తర్వాత నాతో చెప్పినాడు. అప్పుడు మాత్రం నాయన ముందర నేల మీద కూచుండిపొయ్యి, కాళ్ళు పట్టుకోని ఒక్కటే అన్నాడు.

"అడిగేదానికైనా రా మామా."

నాయన వచ్చినాడు. తెల్లారి ఇద్దరూ ఒకే పడవలో పొయ్యినారు, మధ్యాహ్నానికల్లా వచ్చేసినారు. చేపలు పెద్దగా పళ్ళేదు. ఫోను సంచిలోంచి బయటికొచ్చింది, నీడన పెట్టుకోని వాన కబురు చూస్తా ఉండారు.

పోయిన వారం నాయన్ని నెల్లూరు కంటాసుపత్రికి తీసుకపొయ్యినాం. శుక్లాలు బాగా ముదిరినాయి, తీసేస్తే చూపొస్తాది అని డాక్టరమ్మ చెప్పింది. నాయన సరే అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో మీ అన్న కిటికీలోంచి చూస్తా చాలాసేపు కూచున్నాడు. వెంకటాచలం దాటినాక మా నాయన వైపు తిరిగి, చూపొచ్చినాక కూడా నన్ను అడగతావు గదా మామా అన్నాడు. నాయన కిటికీ వైపు తల తిప్పి, బయట ఇప్పుడు ఏం కనపడతా ఉండాదిరా అని అడిగినాడు. మీ అన్న చెప్పడం మొదలుపెట్టినాడు.

నీ వదిన
రోజా